టేకు పలకను తూకం వేసిన సంగతి

ప్రియ మిత్రమా,

రంపం, రెండు ఉలులు కొన్నానని నువ్వు రాసినప్పటి నుంచి, కర్ర కొనడంలో నేను చేసిన తప్పు నువ్వు కూడా చేస్తావేమోనని నాకు ఒకటే ఆందోళనగా ఉంది. అందుకే ఈ ఉత్తరంలో కుశల ప్రశ్నలు తక్కువ, కర్ర సంగతులు ఎక్కువ.

అమ్మ కూర్చోవడానికి ఒక పీట చేద్దామని, పోయిన ఎండాకాలానికి ముందు నల్లగొండలోనే ఒక సామిల్లుకు వెళ్లాను. టేకు కావాలనగానే, బల్లార్షాదా, ఆఫ్రికాదా, ఇక్కడి తోటలదా అని అడిగారు. ఏమీ తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపి, ధర తక్కువగా ఉన్న తోట టేకు తీసుకున్నాను. లేత చెట్టు కాబట్టి అందులో చేవ, అంటే నడిమి గట్టి కర్ర, తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్లకర్ర ఎక్కువ. ఆ తెల్లకర్రకు పురుగు తొందరగా పడుతుందని తరువాత తెలిసింది. పైగా అది పచ్చికర్ర. మే నెల వచ్చేసరికి పీట పలక దొన్నెలా వంగి, ఒక కొస జానెడు పగిలింది. అమ్మ ఏమీ అనకుండా దాని మీద తులసి కుండీ పెట్టుకుంది.

రెండోసారి మా వీధి చివర ఉండే వడ్లాయనను, అంటే వడ్రంగిని, బతిమాలి వెంట తీసుకెళ్లాను. ఆయన పలక ముఖం వైపు చూడలేదు, నేరుగా కొస చూశాడు. కొస మీద కనిపించే చెట్టు పెరుగుదల వలయాలు నిలువుగా నిలబడి ఉంటే ఆ పలక పెద్దగా వంగదట. చాపలా అడ్డంగా పరుచుకుని ఉంటే మాత్రం ఎండేకొద్దీ వంగుతుందట. కర్ర వలయాల వెంట కుంచించుకుపోయేది, వలయాలకు అడ్డంగా కుంచించుకుపోయే దానికి దాదాపు రెండింతలు ఉంటుంది కాబట్టి అలా జరుగుతుందని నాకు ఆ తరువాత అర్థమైంది.

కొలత సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడ క్యాలిక్యులేటర్ మీద వేళ్లు మన కళ్లకంటే వేగంగా కదులుతాయి. వెడల్పు, మందం ఇంచుల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నేను కొన్న పలక 6 ఇంచుల వెడల్పు, ఒకటిన్నర ఇంచు మందం, 7 అడుగుల పొడవు. అంటే 63ను 144తో భాగించాలి, 0.44 కంటే కొంచెం తక్కువ. వాళ్లు కొలిచేది రంపం కోసిన మందం, నీకు మిగిలేది రంద పట్టి నునుపు చేసిన తరువాతి మందం. కాబట్టి ఇంచు మందం కావాలంటే ఇంచుంబావు పలక కొనుక్కోవాలి.

ఇక అసలు సంగతి. ఆ పలకను ఇంటికి తెచ్చి, పక్కింటి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 11 కిలోలు తూగింది. బాగా ఎండిన టేకు ఘనపుటడుగుకు 18 కిలోల అటూఇటూ ఉంటుంది కాబట్టి, ఈ పలక 8 కిలోలే ఉండాలి. మిగిలిన 3 కిలోలు నేను టేకు ధర పెట్టి కొన్న నీళ్లన్నమాట! కొసల నుంచి తేమ తొందరగా పోయి పగుళ్లు వస్తాయని రెండు కొసలకూ మందంగా రంగు పూసి, నీడలో, కింద సన్నని బద్దలు పెట్టి గాలి ఆడేలా పరిచాను. ప్రతి ఆదివారం తూచి, ఆ బరువును పలక మీదే పెన్సిల్‌తో రాస్తున్నాను. అంకె తగ్గడం ఆగేదాకా దాని మీద ఉలి పెట్టను. కొట్టాయన నన్ను చూసి నవ్వుతున్నాడు, నవ్వనీ.

నీకైతే నేను కొత్త టేకు కొనమనే చెప్పను. దేవరకొండ వైపు మీ ఊళ్లో పాత పెంకుటిళ్లు కూలగొడుతున్నారని రాశావు కదా, ఆ దూలాలు, ద్వారబంధాలు దశాబ్దాలుగా ఎండినవి, ఇక వంగేది పెద్దగా ఏమీ ఉండదు. అయితే చెదలు తిన్నదేమో వేలితో తట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే వదిలెయ్. లోపల మేకులు విరిగి ఉంటాయి కనుక, ఒక అయస్కాంతాన్ని దాని పొడవునా జరుపుతూ వెతుకు, లేకపోతే కొత్త రంపం పళ్లు మొదటి రోజే పోతాయి. తుమ్మ దూలం దొరికితే మాత్రం ఇప్పుడే ముట్టుకోకు. బండి చక్రాలకు వాడిన కర్ర అది, మన చేతి ఉలికి లొంగదు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ ద్వారబంధంలో రెండడుగుల ముక్క నాకూ తీసుకురా. పోయిన ఆదివారం నా పలక 9 కిలోల 200 గ్రాములు తూగింది.

నీ మిత్రుడు