రజాను జింబాబ్వే ఆటగాడు అనడానికి అభ్యంతరమేంటి?

సంపాదకులకు నమస్కారం.

జింబాబ్వే క్రికెటర్ సికందర్ రజా మీద మీ క్రీడల పేజీలో ఆమధ్య వచ్చిన కథనం చదివి కొన్నాళ్లు ఊరుకున్నాను. ఎవరో ఒకరు రాస్తారు, మీరే సవరణ వేస్తారు అనుకున్నాను. వేయలేదు. అందుకే రాయక తప్పలేదు.

శీర్షికలోనే ‘పాక్ ఆల్‌రౌండర్’ అన్నారు. లోపల, సొంత దేశంలో అవకాశాలు దొరక్క జింబాబ్వే జట్టులో చేరాడని రాశారు. ఇది పూర్తిగా తప్పు. 1986లో సియాల్‌కోట్‌లో పుట్టిన రజా చిన్నప్పుడు క్రికెటర్ కావాలని అనుకోనేలేదు. యుద్ధ విమానం నడపాలన్నది అతని కోరిక. అందుకోసం లోయర్ టోపాలో వైమానిక దళం నడిపే బడిలో చదివాడు, కంటి పరీక్షలో తప్పాడు. 2002లో కుటుంబం జింబాబ్వేకు మారితే వాళ్లతో పాటు వెళ్లాడు. తర్వాత గ్లాస్గోలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చదువుతూ అక్కడి క్లబ్బుల్లో ఆడాడు. పాకిస్థాన్‌లో అతన్ని కాదన్న సెలక్టర్లు ఎవరు? అక్కడ అతను సెలక్టర్ల దాకా వెళ్లనేలేదు.

జింబాబ్వే కూడా అతన్ని పిలిచి చొక్కా తొడగలేదు. 2007 నుంచి అక్కడి దేశవాళీ క్రికెట్ ఆడాడు. పౌరసత్వం చిక్కు తేలేసరికి 2011 వచ్చింది. తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడేసరికి 2013, అప్పటికి అతనికి 27 ఏళ్లు. అదే ఏడాది హరారేలో తొలి టెస్టు ఆడింది పాకిస్థాన్ మీదే, 60 పరుగులు చేశాడు. ఇవేవీ రహస్యాలు కావు. కథనం రాసిన వారు కాస్త వెతికితే దొరికేవే.

మన దేశంలో పత్రిక నడుపుతూ ఇంకో సంగతి ఎలా మర్చిపోయారో అర్థం కావడం లేదు. 2008 సీజన్ తర్వాత పాకిస్థాన్ జట్టు ఆటగాళ్లకు ఐపీఎల్‌లో చోటు లేదు. రజా మాత్రం పంజాబ్ కింగ్స్‌కు ఆడాడు. 2023లో చెపాక్‌లో చెన్నై మీద ఆఖరి బంతికి మూడు పరుగులు తీసి గెలిపించింది అతనే. పాకిస్థాన్ సూపర్ లీగ్‌లో కూడా అతన్ని విదేశీ ఆటగాడిగానే తీసుకుంటారు. నిరుడు కాదు, మొన్న కాదు, ఏళ్లుగా అదే పద్ధతి. పాకిస్థాన్ వాళ్లే విదేశీ అంటున్న మనిషిని మీరు పాక్ ఆటగాడు అంటారు!

బెన్ స్టోక్స్ పుట్టింది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. తండ్రి రగ్బీ కోచ్ ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌కు మారితే 12 ఏళ్ల వయసులో వెళ్లాడు. 2019 ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ మీదే 84 నాటౌట్ చేసి కప్పు తెచ్చాడు. మర్నాడు మీ పత్రిక ‘ఇంగ్లండ్ వీరుడు’ అని బ్యానర్ పెట్టింది, సరిగ్గానే పెట్టింది. 2022 అక్టోబరు 27న టీ20 ప్రపంచకప్‌లో భాగంగా పెర్త్‌లో జింబాబ్వే 130 పరుగులే చేసి పాకిస్థాన్‌ను ఒక్క పరుగుతో ఓడించింది. రజా 25 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు, వాటిలో షాదాబ్, హైదర్ అలీలవి వరుస బంతుల్లో వచ్చాయి. ఆ రోజు మాత్రం మీకు అతను పుట్టిన ఊరే వార్త అయింది. ఇద్దరూ కుటుంబంతో వలస వెళ్లిన పిల్లలే. ఒకడు పెద్ద జట్టుకు, ఇంకొకడు చిన్న జట్టుకు ఆడాడు. అంతకుమించి తేడా ఏముంది?

రజా జింబాబ్వేకు చేసింది కథనంలో ఒక్క పేరా కూడా లేదు. 2017లో హంబన్‌తోటలో చివరి వన్డేలో సిక్సర్ కొట్టి శ్రీలంక గడ్డ మీద సిరీస్ గెలిపించాడు. 2021లో చేతి ఎముక మజ్జలో ఇన్ఫెక్షన్ వచ్చి, క్యాన్సరేమోనన్న భయంతో ఆపరేషన్ దాకా వెళ్లి, బౌలింగ్ యాక్షన్ మార్చుకుని తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో బంగ్లాదేశ్ మీద వరుసగా రెండు శతకాలు, ఆ నెలలోనే మన జట్టు మీద 115. 290 లక్ష్యంతో ఆడుతూ ఏడు వికెట్లు పోయాక బ్రాడ్ ఎవాన్స్‌తో కలిసి మనవాళ్లకు ఎంత టెన్షన్ పెట్టాడో ఆ మ్యాచ్ చూసిన వాళ్లకు తెలుసు. 13 పరుగులతో బయటపడ్డాం. 2024లో గాంబియా మీద 43 బంతుల్లో 133 కొట్టాడు.

చిన్న జట్ల విషయంలో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) పెద్దల తీరు కూడా ఇలాంటిదే. 2015లో 14 జట్లతో జరిగిన ప్రపంచకప్‌ను 2019కి పదికి కుదించారు. 2018లో సొంతగడ్డ మీద జరిగిన అర్హత టోర్నీలో (క్వాలిఫయర్‌లో) యూఏఈ చేతిలో మూడు పరుగులతో ఓడి జింబాబ్వే బయట ఉండిపోయింది. టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి రజాకే ఇచ్చారు. అది తీసుకుంటూనే, ఇలా జట్లను తగ్గించడమేంటని బాధపడ్డాడు. తర్వాతి ఏడాది ప్రభుత్వ జోక్యం పేరుతో జింబాబ్వే క్రికెట్ బోర్డును సస్పెండ్ చేస్తే ఆ శిక్ష పడింది ఆటగాళ్ల మీదే. ఇప్పుడు 2027 ప్రపంచకప్‌ను దక్షిణాఫ్రికా, నమీబియాలతో కలిసి జింబాబ్వే నిర్వహిస్తుందట, జట్లు మళ్లీ 14 అట. మధ్యలో ఓ తరం ఆటగాళ్లు పోగొట్టుకున్న ఎనిమిదేళ్లు ఎవరిస్తారు? దీని మీద మన పత్రికల్లో ఓ మంచి వ్యాసం వచ్చిన గుర్తు లేదు. వేలంలో ఎవరికెన్ని కోట్లో చెప్పడానికి పేజీలకు పేజీలున్నాయి. ఒకప్పుడు మీ క్రీడల పేజీలో రంజీ స్కోర్లు కూడా పూర్తిగా వచ్చేవి. ఇప్పుడు ఒకే పేజీలో శీర్షికలో ‘రాజా’, కింద ‘రజా’, ఫొటో కింద ‘సికిందర్’. చదివి దిద్దేవారు లేరా?

ఆ శీర్షిక తప్పని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. మూలన చిన్న డబ్బాలో వేస్తే ఎవరికీ కనపడదు. ఇకమీదట రజా గురించి రాసినప్పుడు జింబాబ్వే ఆల్‌రౌండర్ అని రాయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు