వీధిలో అందరికీ కరెంటు వచ్చిందా, నాన్నా?

బోస్టన్ పక్కన,
నవంబరు, తెల్లవారుజాము

నాన్నా,

మొన్న ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇక మార్చి దాకా మీకూ మాకూ పదిన్నర గంటల తేడా. ఈ నెలంతా నాకు నైట్ డ్యూటీ. పొద్దున ఏడున్నరకు ఇల్లు చేరేసరికి మీకు సాయంత్రం ఆరవుతుంది. కార్తీకం కదా, అమ్మ తులసి కోట దగ్గర దీపం పెడుతుంటుంది, నువ్వు బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద వీధి చూస్తుంటావు అనుకుంటూ బూట్లు విప్పుతాను.

పోయిన వారం ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. మీ పాత దోస్తు గృహప్రవేశానికి కోకాపేట వెళ్ళొచ్చావు. ముప్పయ్యో అంతస్తు, అక్కడి నుంచి చూస్తే గండిపేట కనిపిస్తుందని చెప్పావు. భోజనాల సంగతీ చెప్పావు. తర్వాత కాసేపు ఆగి, "ఏం జేసిన బిడ్డా నేను బతుకంత? స్తంభాలెక్కిన, దిగిన. గంతే గద" అన్నావు. నేను "అట్లా అనకు నాన్నా" అని మాట మార్చేశాను. అమ్మ మోకాళ్ళ గురించి అడిగాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు కరెంటు లైన్‌మన్‌గా పనిచేసిన మనిషి అంత పెద్ద మాట అంటే, కూతురు చెప్పాల్సిన జవాబు అదా?

అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పంపితే ఒకసారి చూసి పక్కన పెడతావు. కాగితమైతే కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతావని తెలుసు.

ముందు ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. 1938లో ఈ బోస్టన్‌లో ఒక పరిశోధన మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. మొత్తం 724 మంది కుర్రాళ్ళు. అందులో 268 మంది హార్వర్డ్‌లో చదువుకునేవాళ్ళు, 456 మంది ఈ ఊళ్ళోని బీద వాడల పిల్లలు. మంచి బతుకు దేనివల్ల అవుతుందో చూద్దామని వాళ్ళను బతికున్నంతకాలం కనిపెట్టుకుని ఉన్నారు. రెండేళ్ళకోసారి ప్రశ్నలు పంపడం, ఆరోగ్యం లెక్కలు తీసుకోవడం, ఇళ్ళకు వెళ్ళి మాట్లాడటం. తర్వాత వాళ్ళ భార్యలను, పిల్లలను కూడా చేర్చుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, యాభై ఏళ్ళప్పుడు తమ వాళ్ళతో సంతోషంగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారట. కొలెస్ట్రాల్ ఎంతుందన్న దానికన్నా మనుషులతో ఎలా ఉన్నారన్నదే ముందుగా ఆ సంగతి చెప్పిందట. మొదట చేర్చుకున్నది మగవాళ్ళనే, అదీ ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళనే. కాబట్టి లోకమంతటికీ ఇదే లెక్క అని నేననుకోను. కానీ మా వార్డులో రోజూ చూస్తున్నదానికి అది దూరం కాదు.

నిజం చెప్పాలంటే, ఇది చదివినప్పుడు నాకు నీ మీద కోపం కూడా వచ్చింది నాన్నా. ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మనింట్లో ఏ పండగకు నువ్వు ఉన్నావు? సంక్రాంతికి తీగల్లో చిక్కుకున్న పతంగులు తీస్తూ ఉండేవాడివి. నిమజ్జనం రోజు పొద్దున పోతే మర్నాడే రావడం, పెద్ద వినాయకులు పోయే దారిలో తీగలు చూసుకుంటూ. దీపావళికి అమ్మా నేనూ తమ్ముడూ ముగ్గురమే కాకరపువ్వొత్తులు కాల్చుకునేవాళ్ళం. వాన పడితే పక్కింటి పిల్లలు కాగితం పడవలు చేసేవాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి నువ్వెప్పుడొస్తావా అని చూసేదాన్ని. ఉరిమితే నాకు ఈ రోజుకీ కడుపులో తిప్పుతుంది. అమ్మ పైకి ఏమీ అనేది కాదు, నీ కంచం మీద మూత పెట్టి కూర్చునేది. ఆ లోటు లోటే. నీ ఉద్యోగం గొప్పదని చెప్పి దాన్ని కొట్టేయను.

2000 ఆగస్టు 24 గుర్తుందా? నీకు గుర్తుండకపోవడం ఏమిటి. ఒక్క రోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన. నేను అయిదో తరగతి. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. నువ్వు పోయి మూడో రోజు పొద్దున వచ్చావు. నీ కాళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. నానిపోయి తెల్లగా, ముడతలు పడి, వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉన్నాయి. అమ్మ వేన్నీళ్ళు తెచ్చి తొట్టిలో పోస్తే అందులో కాళ్ళు పెట్టి కూర్చున్నచోటే నిద్రపోయావు. చేతిలో ఎర్ర పిడుల ప్లయర్ అట్లాగే ఉంది. నేను తీసుకోబోతే నిద్రలోనే గట్టిగా పట్టుకున్నావు.

అంతలో కరెంటు వచ్చింది. నేనూ తమ్ముడూ కేకలు పెట్టి ఎగిరాం. నువ్వు లేచి, మా మొహాలు చూడకుండా తడి కాళ్ళతోనే బయటికి వెళ్ళి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశావు. "ఆ మూలకు మూడు ఇండ్లు రాలే. ఒక ఫేజు పోయింది" అన్నావు. చెప్పులేసుకుని మళ్ళీ పోయావు. నేను ఏడ్చాను. మనింటికి వచ్చింది కదా, ఇంకెందుకు పోవడం అని. పదేళ్ళదాన్ని, మూడు ఫేజులంటే ఏమిటో, ఇళ్ళను వాటి మధ్య పంచుతారని, ఒక ఫ్యూజు పోతే దాని మీద ఉన్న ఇళ్ళు మాత్రమే చీకట్లో ఉండిపోతాయని నాకేం తెలుసు?

ఆ మూడు రోజుల్లో నువ్వు చేసిన పని కరెంటు ఇవ్వడం కాదు, తీసేయడం అని నేను నర్సింగ్ చదివేటప్పుడు చెప్పావు. నీళ్ళు మీటర్ల దాకా వచ్చిన వీధులన్నీ తిరిగి, నడుం లోతు నీళ్ళలో ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరికి పోయి సప్లై ఆపారు. మేడల మీద నుంచి జనం తిట్టారట, అసలే మునిగి చస్తుంటే కరెంటు కూడా పీకేస్తున్నారని. నువ్వు నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆ నీళ్ళలో ఎవరికీ షాకు కొట్టలేదు. కొట్టలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. జరగని చావును ఎవరు లెక్కపెడతారు, ఎవరు వచ్చి దండం పెడతారు?

ఆ తర్వాతి ఏడాది, నీతో లైను మీద పనిచేసే ఇంకో దోస్తు చనిపోయినప్పుడు కూడా అంతే. ఆయన ఎల్‌సీ, అదే లైను ఆపారన్న అనుమతి, తీసుకునే స్తంభం ఎక్కాడు, సబ్‌స్టేషన్‌లో లైను ఆపే ఉంది. కానీ ఎవరింట్లోదో జనరేటర్ నడుస్తూ, ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి ఎక్కింది. ఆ నెల తర్వాత నువ్వు ఆదివారాలు నీ ఏరియాలో జనరేటర్ ఉన్న ప్రతి దుకాణానికీ, ప్రతి అపార్ట్‌మెంటుకూ వెళ్ళి ఛేంజోవర్ స్విచ్ చూపించమని అడిగావు. పైవాళ్ళు చెప్పిన పని కాదు, దానికి జీతం లేదు. కొందరు గేటు దగ్గరే ఆపేశారు, ఒకాయన నీ ఐడీ కార్డు గుంజుకుని చూశాడు. ఆ ఆదివారాల్లో రెండుసార్లు నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళావు. ఒక ఇంట్లో నాకు ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు, నాకు గుర్తున్నది అదొక్కటే. నువ్వు మీటరు బోర్డు ముందు వంగి, టార్చి వేసి, ఆ ఇంటాయనకు "రెండూ ఒకేసారి పడొద్దు సార్, గిట్ల పైకంటే మా లైను, కిందికంటే మీ జనరేటర్" అని ఓపిగ్గా చెప్పడం చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

ఎప్పుడు గుర్తొచ్చిందో చెబుతాను. మంచం మీద నుంచి కదల్లేని వాళ్ళను మేం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు. ఒక రాత్రి నడుం పట్టేసి, ఈ ఒక్కసారికి వదిలేద్దామా అనిపించింది. తిప్పినా చూసేవాళ్ళు లేరు, తిప్పకపోయినా ఆ ఒక్క రాత్రికి ఏమీ కనిపించదు. సరిగ్గా చేస్తే ఆ చర్మం మామూలుగా ఉంటుంది, అంతే. అప్పుడు మీటరు బోర్డు ముందు వంగిన నీ వీపు కళ్ళ ముందుకొచ్చింది. లేచి వెళ్ళి తిప్పాను. నా చేతిలో ఉన్న ఈ పని నీ దగ్గర నేర్చుకున్నదే నాన్నా, కాలేజీలో కాదు.

మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపాడు. పోయిన నెల నేను డే డ్యూటీలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం మూడు కాగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళమని అడిగేవాడు. కింద పసుపు పచ్చ బస్సు వచ్చి ఆగుతుంది. ఎర్ర లైట్లు వెలుగుతాయి, పక్కనుంచి 'స్టాప్' అని రాసిన రేకు చెయ్యిలా బయటికొస్తుంది, రెండు వైపులా కార్లన్నీ ఆగిపోతాయి. పిల్లలు దిగి రోడ్డు దాటుతారు. ఆ రేకు మళ్ళీ మూసుకునేదాకా ఆయన మాట్లాడడు, ఊపిరి కూడా బిగబట్టినట్టే ఉంటాడు. ఆ పిల్లలెవరో ఆయనకు తెలియదు. మూసుకున్నాక నా వైపు తిరిగి ఇక పోదాం అన్నట్టు తల ఊపుతాడు. మొదటి రోజు నాకు ఏడుపు ఆగలేదు. కరెంటు వచ్చినప్పుడు బాల్కనీలో నువ్వు నిలబడేది అట్లాగే.

కోకాపేట ఇల్లు మంచిదే. డబ్బు అక్కర్లేదని చెప్పేంత ధైర్యం నాకు లేదు. నీ జీతంతోనే నా ఫీజులు కట్టావు, పీఎఫ్ మీద లోన్ తీసి నన్ను విమానం ఎక్కించావు. మన పెద్దలు కూడా పురుషార్థాల్లో అర్థాన్ని తీసేయలేదు, ధర్మం తర్వాత పెట్టారు. నేను మాత్రం ఇక్కడికొచ్చిన కొత్తలో ఆ వరస మరిచిపోయాను. ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు, ఇల్లు ఎప్పుడు కొంటాం, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది, ఇదే టెన్షన్. మూడేళ్ళు వరసగా ఇంటికి రాలేదు. నిన్ను పండగలకు లేవని తిట్టుకున్న నేను, చేసింది అదే. నీకు కనీసం చీకట్లో ఉన్న ఇళ్ళు కారణం. నా దగ్గర అదీ లేదు.

నానమ్మను ఉస్మానియా ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాకు లోపలి చింతచెట్టు చూపించావు గుర్తుందా? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు నూట యాభై మంది ఆ చెట్టెక్కి బతికారని చెప్పావు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారని, గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారని చెప్పావు. అంత పెద్ద చెరువులు కట్టినవాళ్ళను వదిలి నువ్వు చెట్టు దగ్గరే ఆగిపోయావు. నేను "చెట్టు ఏం చేసింది నాన్నా?" అని అడిగాను. నువ్వు కాండం మీద చెయ్యి పెట్టి, "ఏం జేస్తది బిడ్డా, కదలకుండ నిలబడ్డది" అన్నావు.

ఆ మాట నీకు తిరిగి పంపుతున్నాను. నువ్వు అడిగినదానికి నా దగ్గర అంతకన్నా మంచి జవాబు లేదు.

జనవరిలో వస్తున్నాను, అయిదు వారాలు. సెలవు రాయించుకున్నాను, ఓవర్‌టైమ్ వద్దని చెప్పేశాను. సంక్రాంతికి ఇంట్లోనే ఉంటావు కదా ఈసారి? అమ్మకు చెప్పు, సకినాలు నేనొచ్చాకే మొదలుపెట్టమని, పిండి నేను తడుపుతాను. కింద పోర్షన్ అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేరాడన్నావు, సాయంత్రాలు వాణ్ణి పైకి పిలు. తీగలోకి ఎక్కిన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ రాడ్లు వేయకుండా తీగ ముట్టుకోవద్దని వాడికి పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది, అంతే. నీ దగ్గర స్తంభం మీద పోయిన ఆ దోస్తు ఉన్నాడు. బీపీ గోళీ రాత్రి అన్నం తిన్నాకే వేసుకో, మరిచిపోయానని మర్నాడు రెండు వేసుకోకు.

ఈసారి వీధిలో కరెంటు పోయి వచ్చినప్పుడు బాల్కనీలోకి వెళ్ళి చూసి నాకు ఫోన్ చెయ్యి. ఆ మూల మూడు ఇళ్ళకూ వచ్చిందో లేదో చెప్పు. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

నీ
పెద్ద బిడ్డ