శీనుగాడికి అర్జెంటు ఉత్తరం

ఒరేయ్ శీనూ,

లేటైంది, తిట్టకు. అందరం బానే ఉన్నాం, నాన్న మోకాలు అలాగే ఉంది, ఇల్లింకా మారలేదు, మిగతావి ఫోన్లో. అసలు సంగతి విను.

మా అక్క కొడుకు తెలుసుగా, పదో క్లాసు, చుట్టాలొస్తే గదిలోకి దూరిపోయే బాపతు. మొన్న ఒక ట్రైలర్ కింద "విజువల్స్ బాగున్నాయి, బీజీఎం గోల" అని ఒక్క ముక్క రాశా, అంతే, ఎవడో హీరో డీపీ పెట్టుకున్నోడు మా అమ్మని కూడా కలిపి బూతులు తిట్టాడు. ఒళ్లు మండి సోఫాలో కూర్చునే "ఏరా, మీ ఇంట్లో పెద్దోళ్లు లేరా" అని కొట్టా. టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉన్న వీడి ఫోన్ టింగుమంది. చూస్తే స్క్రీన్ మీద నా మాటే! ఇంట్లో పెద్దోణ్ణి నేనేరా బాబూ! వీడు తిట్టిన ఆవిడేమో లోపల వీడికే పెరుగన్నం కలుపుతోంది.

మేడ మీదకి తీసుకెళ్లి అడిగితే "నువ్వని తెలీదు మామయ్యా" అంటాడు. నేను కాకపోతే పర్లేదా అంటే "అక్కడ మనుషులుండరు కదా, డీపీలే" అన్నాడు తల దించుకుని.

రాత్రి నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నా. సూలర్ అని ఒక సైకాలజిస్టు 2004లోనే రాశాడ్రా, పేరు తెలీదు, మొహం కనబడదు, అడిగే పెద్దోడు లేడు, దాంతో లోపలి బ్రేకులు వదులైపోతాయని. హాస్టల్ బాత్రూం గోడ గుర్తొచ్చిందా? ఆ పప్పు పద్యం ఎవరిదో వార్డెన్‌కి ఇప్పటికీ తెలీదు, నేను చచ్చినా చెప్పను. 2012లో ఇజ్రాయెల్లో ఇద్దరిద్దరిని చాట్‌లో కూర్చోబెట్టి చూస్తే, పేరు దాచడం కన్నా ఎదుటోడి కళ్లు కనబడకపోవడమే ఎక్కువ నోరు జారేలా చేసిందట.

నాకు మాత్రం లైకులు చూసి భయమేసింది. ఆ బూతు కింద "ఇచ్చిపడేశావ్ అన్నా" అని బోలెడుమంది. పదో క్లాసోణ్ణి అన్నా అంటున్నార్రా! 2005లో స్టెయిన్‌బర్గ్ వాళ్లు కారు గేమ్ ఆడిస్తే, ఫ్రెండ్స్ చూస్తున్నప్పుడు టీనేజ్ పిల్లలు రిస్క్ బాగా పెంచేశారు, పెద్దాళ్లలో ఆ తేడా లేదు. మరి వీడిని చూసేవాళ్లు ఎంతమందో.

ఇంకోటి. ట్యూషన్‌లో వీణ్ణి మూగోడు అంటారట. వాట్సాప్ గ్రూపులో వీడి ఫొటోతో స్టిక్కర్లు కూడా చేశారు, చూపించాడు. నా కోపమంతా పోయి ఏదోలా... సరే వదిలెయ్.

అక్కకి చెప్తే ఫోన్ లాక్కుంటుంది, బావకైతే బెల్టే. ఫోన్ పోతే ఆ "అన్నా" పోయి "మూగోడు" ఒక్కటే మిగులుద్ది వాడికి. నువ్వు రోజూ క్లాసులో ఈ వయసోళ్లనే చూస్తావుగా, ముందు ట్యూషన్ సార్‌తో మాట్లాడనా? లేకపోతే ఆ స్టిక్కర్లు చేసినోళ్లని... అమ్మో అక్కొస్తోంది, ఆదివారం ఫోన్ చెయ్, ఉంటా.

రాజు