కరెంటు రాని ప్రతి చైన్‌సాకీ కాయిల్ పోయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

తుపాను హెచ్చరిక వినగానే చాలా ఇళ్లలో, తోటల దగ్గరి షెడ్లలో చెట్లు కోసే పాత పెట్రోలు చైన్‌సా అటక దిగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ అంతే, ఇకముందూ అంతే. ఏడాదిగా ముట్టుకోని మిషన్ కదా, తాడు ఇరవైసార్లు లాగినా ఉలకదు పలకదు. ప్లగ్గు విప్పి చూస్తే రవ్వ లేదు. ఆ తర్వాత షాపుల్లో వినిపించే మాట ఒకటే: ‘కాయిల్ పోయిందండీ, ఈ మోడల్‌కి సామాను రావట్లేదు, కొత్తది తీసుకోండి.’ నిజానికి రవ్వకి కావాల్సిన కరెంటు పుట్టించే తీగచుట్ట, అంటే కాయిల్, పోవడం కంటే దాని చుట్టూ ఉన్న చిల్లర సామాను మొరాయించడమే ఎక్కువ. మిషన్ని పాత ఇనుముకి వేసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తోట పనులు చూసే రైతులకి పనికొస్తాయని రాస్తున్నాం.

కరెంటు వస్తోందా లేదా అని చూడడంలోనే సగం మంది పొరబడతారు. ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని మర భాగాన్ని సిలిండర్ రెక్కకి గట్టిగా ఆనించాలి. రెక్క మీద పెయింటు, మసి ఉంటే ఎర్త్ (ఇంజన్ బాడీ గుండా కరెంటు తిరిగివెళ్లే దారి) అందదు, గీకేయాలి. పట్టుకోవడానికి రబ్బరు పిడి ఉన్న ప్లయర్ వాడాలి. ట్యాంకు మూత బిగించి, ప్లగ్గు రంధ్రాన్ని గుడ్డతో మూసి, ప్లగ్గుని దానికి దూరంగా ఉంచాలి. లోపలి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఎండలో రవ్వ కనపడదు, నీడకి రావాలి. తాడు మెల్లగా లాగితే మంచి కాయిల్ కూడా పలకదు, ఒక్క ఊపున లాగాలి. నీలంగా టప్‌మని కొడితే బలం ఉన్నట్టు, పసుపురంగులో సన్నగా పాకితే లేనట్టు. గాలిలో 0.5 మిల్లీమీటర్ల సందు దూకిన రవ్వ సిలిండర్‌లో ఒత్తిడి కింద కూడా దూకుతుందన్న నమ్మకం లేదు. అందుకే 5 మిల్లీమీటర్ల సందున్న స్పార్క్ టెస్టర్‌తో చూడడం మంచిది. ప్లగ్గు తీసేసి వైరుని ఉత్తగా వేలాడదీసి తాడు లాగడం మాత్రం వద్దు. దూకడానికి చోటు దొరకని కరెంటు కాయిల్ లోపలి ఇన్సులేషన్ని చీల్చుకుని పోతుంది. అప్పుడు కాయిల్ నిజంగానే పోతుంది!

ప్లగ్గు మార్చి చూడడం అందరికీ తెలుసు, కొలతే చూసుకోరు. చాలా చైన్‌సాలకి పట్టే ఎన్‌జీకే బీపీఎంఆర్7ఏ ప్లగ్గు మర పొడవు 9.5 మిల్లీమీటర్లు. లావు 14 మిల్లీమీటర్లేగా అని 19 మిల్లీమీటర్ల పొడవున్న కారు ప్లగ్గు బిగిస్తే పిస్టన్ నెత్తికి కొడుతుంది. సందు 0.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

ఆ తర్వాత స్టాప్ స్విచ్ వైరు. స్విచ్ నొక్కితే కాయిల్ ప్రైమరీ (లోపలి తక్కువ వోల్టేజీ చుట్ట) ఎర్త్‌కి కలుస్తుంది, అందుకే ఇంజన్ ఆగుతుంది. అంటే ఆ వైరు తొడుగు ఎక్కడ రాసుకుపోయి ఇంజన్ బాడీకి తగిలినా మిషన్ ఎప్పుడూ ‘ఆఫ్’లో ఉన్నట్టే. ఎయిర్ ఫిల్టర్ కింద, హ్యాండిల్ మలుపు దగ్గర వైరు ఇలాగే నలుగుతుంది. కాయిల్ దగ్గర ఆ ఒక్క వైరు విప్పి తాడు లాగి చూడండి. కరెంటు వచ్చిందా, మూరెడు వైరుతోనో స్విచ్చితోనో పని తీరిపోతుంది. అలా విప్పిన మిషన్‌తో కోతకి దిగకండి. స్టార్ట్ అయితే చోక్ లాగి ఆపాల్సిందే, స్విచ్ నొక్కినా ఆగదు.

1970ల నాటివి, అంతకు ముందువి అయిన మిషన్లలో చాలావాటికి ప్లాటినం పాయింట్లుంటాయి, అంటే ప్రైమరీ కరెంటుని కలిపి తెంపే చిన్న లోహపు ముఖాల జత. అసలు తంటా అక్కడే. మాగ్నెట్ చక్రం తిరుగుతూ కాయిల్‌ని దాటేటప్పుడు, మూసి ఉన్న పాయింట్ల గుండా ప్రైమరీలో కరెంటు పారుతుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణాన అది తెగి, సెకండరీలో (ప్లగ్గుకి వెళ్లే చుట్టలో) వేల వోల్టులు పుడతాయి. ప్రైమరీలో ఉండేది తక్కువ వోల్టేజీ. మన కోస్తా తేమకి, వాడకుండా ఉంచినందుకు, పాయింట్ల ముఖాల మీద కంటికి ఆనని చిలుము పొర పడుతుంది. ఆ కాస్త వోల్టేజీ ఆ పొరని దాటలేదు. చూడ్డానికి పాయింట్లు మెరుస్తుంటాయి, కరెంటు మాత్రం ఉండదు. సన్నని పాయింట్ ఫైల్‌తోగానీ, రెండుగా మడిచిన 600 నంబరు వాటర్ పేపర్‌తోగానీ రెండు మూడుసార్లు ఆడించాలి. ఎమరీ గుడ్డ వద్దు, దాని రేణువులు ముఖాల్లో గుచ్చుకుని మళ్లీ అడ్డుపడతాయి. చివర్లో థిన్నర్‌లో తడిపిన విజిటింగ్ కార్డు ముక్కని, తర్వాత పొడి ముక్కని పాయింట్ల మధ్య నుంచి లాగాలి, నల్లమరక రానంత వరకూ. చాలామంది ఈ చివరి పని మానేసి, తుడవకుండానే బిగించేస్తారు. పొడి అక్కడే మిగిలి, మళ్లీ కరెంటు లేదంటారు.

పాయింట్ల మధ్య సందు సాధారణంగా 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. క్యామ్ (పాయింట్లని తెరిచే, ఇరుసు మీది ఉబ్బు) ఎత్తు భాగం మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలవాలి. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (రవ్వ పడే వేళ) వెనకబడుతుంది. పెరిగితే ముందుకు జరుగుతుంది. క్యామ్‌కి రాసుకునే ఫైబర్ ముక్క అరిగితే సందు దానంతట అదే తగ్గుతుంది. మీటరుతో చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాయింట్లకి వచ్చే కాయిల్ వైరు విప్పకుండా మీటరుని బీప్‌లో పెడితే, పాయింట్లు తెరుచుకున్నా మీటరు మోగుతూనే ఉంటుంది. ప్రైమరీ చుట్ట నిరోధం ఒకటి రెండు ఓమ్‌లకి మించదు మరి. వైరు విప్పి చూస్తేనే నిజం తెలుస్తుంది.

పాయింట్లు శుభ్రం చేసిన కొద్దిరోజులకే మళ్లీ నల్లబడి, గుంటలు పడితే, పాయింట్ల దగ్గర రవ్వ లేవకుండా చూసే కండెన్సర్ని అనుమానించాలి. అది లోపల తెగిపోతే పాయింట్ల దగ్గర రవ్వలు లేస్తాయి, ప్లగ్గులో రవ్వ నీరసపడుతుంది. షార్టయితే ప్లగ్గుకి అసలేమీ రాదు. దాని కెపాసిటీ చాలా మిషన్లలో 0.15 నుంచి 0.3 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. అచ్చం అదే కంపెనీది దొరకకపోతే, కొలత దగ్గరగా ఉండి, ఆ చోట ఇమిడే పాయింట్ల కండెన్సర్ ఏదైనా సరిపోతుంది.

పాయింట్లు మాగ్నెట్ చక్రం కింద ఉంటాయి కాబట్టి చక్రం విప్పక తప్పదు. స్క్రూడ్రైవరు దూర్చి రెక్కలు విరగ్గొట్టకుండా పుల్లర్ వాడండి. ఇంజన్ తిరగకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి తాడు దించాలి, కొస బయటే ఉంచి. పిస్టన్ పైకి వస్తూ పోర్టులు (సిలిండర్ గోడలోని రంధ్రాలు) మూసుకున్నాకే దించాలి, లేకపోతే తాడు పోర్టులో ఇరుక్కుంటుంది. చక్రం వచ్చాక, దాన్ని ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న ముక్కని, అంటే కీని చూడండి. అది కోసుకుపోతే చక్రం జరిగి రవ్వ వేళ తప్పుతుంది; కరెంటు బ్రహ్మాండంగా ఉంటుంది, ప్లగ్గు తడిసి ఉంటుంది, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాదు. తాడు లాగితే చేతిని వెనక్కి తన్నుతుంది. కరెంటు ఉంది కదా అని కార్బురేటర్ మీద పడి రోజంతా పోగొట్టుకునేది ఇక్కడే.

బిగించేటప్పుడు మాగ్నెట్‌కీ కాయిల్ కాళ్లకీ మధ్య దూరం 0.3 మిల్లీమీటర్లు ఉంచాలి. విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, మాగ్నెట్ కాయిల్‌ని లాక్కున్నాక స్క్రూలు బిగించి, కార్డు లాగేయాలి. కార్డు లేకపోతే మీ పత్రిక కాగితం నాలుగు పొరలు ఇంచుమించు అంతే మందం. మాగ్నెట్ మీద, కాయిల్ కాళ్ల మీద తుప్పుని ముందే రుద్దేయాలి. కాయిల్ స్క్రూ కింద తుప్పుంటే ఎర్త్ తెగుతుంది, ఎవరూ చూడని చోటు అది. ప్లగ్గు క్యాప్ లోపలి స్ప్రింగు కూడా ఇలాగే చిలుము పడుతుంది.

పొద్దున్నే చక్కగా స్టార్ట్ అయి, పావుగంట కోశాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేస్తే, అప్పుడు కాయిల్‌ని అనుమానించాలి. ఆగిన వెంటనే, వేడి మీదే రవ్వ చూడండి. చల్లారాక చూస్తే ఏమీ తెలియదు. అంతకు ముందు ట్యాంకు మూత ఒకసారి వదులు చేయండి, దాంతో ఇంజన్ తేరుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయినట్టు, కాయిల్‌కి సంబంధం లేదు. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ మోడ్యూల్‌ని మల్టీమీటరు తేల్చలేదు, మంచిది పెట్టి చూడడమే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడ సింగ్‌నగర్ పక్క నీళ్లలో నానినట్టు మిషన్ నానితే, మంచినీళ్లతో బురద కడిగి, కాయిల్ విప్పి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పక్కన ఒక పగలు, ఒక రాత్రి ఉంచండి. పాత కాయిళ్లు తేమ పీల్చుకుంటాయి, ఎండకి పైపైనే ఆరతాయి. కండెన్సర్ మాత్రం మార్చేయడమే.

చైన్‌సాలు అమ్మేవాళ్లకి ఒక మనవి. పాయింట్ల సెట్టు, కండెన్సర్, మాగ్నెట్ కీ విడిగా అమ్మండి. ఇప్పుడు కీ అడిగితే చక్రం కొనమంటున్నారు, చక్రం అడిగితే మిషన్ కొనమంటున్నారు. పాయింట్ల బదులు కాయిల్ ప్రైమరీకి కలిపే చిన్న ఎలక్ట్రానిక్ మోడ్యూళ్లు కూడా ఉన్నాయి. అవైనా తెప్పించి పెట్టండి, అక్టోబరు రాకముందే.

ఇట్లు,
చిన్న ఇంజన్ల మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ