నాణేల వార్తల్లో ధరతో పాటు బరువు, లోహం కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

“ఈ ఐదు రూపాయల బిళ్ల మీ దగ్గరుంటే మీరు లక్షాధికారులే” అనే తరహా వార్తో వీడియోనో వచ్చిన ప్రతిసారీ, నాణేలు సేకరించే మాలాంటి వాళ్ల దగ్గరికి జనం డబ్బాలు పట్టుకొని వస్తారు. వాటిలో ఎక్కువగా కనిపించేవి 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ నాణేలు. చలామణీ కోసమే ముద్రించినవి కాబట్టి చేతులు మారి అరిగిన బిళ్లకు ముఖవిలువ మీద చెప్పుకోదగ్గ ధర రాదు. ఫోన్లో లక్షలు ఇస్తానన్నవాడు మొదట రిజిస్ట్రేషన్ ఫీజంటాడు, తర్వాత జీఎస్టీ అంటాడు, ఆపైన రిజర్వు బ్యాంకు అనుమతి అంటాడు. ఇలాంటి కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎవరి నుంచీ ఫీజు గానీ కమీషన్ గానీ అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొంటానన్నవాడే ఎదురు డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయాలి, అంతే.

ఈ వార్తలు చూసి పిల్లల్లో పుట్టే ఆసక్తి మాత్రం మంచిదే. దాన్ని సరైన దారిలో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న చిల్లరతోనే మొదలుపెట్టవచ్చు. రూపాయి బిళ్లలన్నీ ఒకచోట పోసి, సంవత్సరం అంకె కింద ఏముందో చూడమనండి. నాణెం ఏ టంకశాలలో, అంటే నాణేలు ముద్రించే ఏ చోట, తయారైందో ఆ గుర్తు చెబుతుంది. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. అరిగిన నక్షత్రం మామూలు కంటికి చుక్కలా కనిపిస్తుంది, కొత్తవాళ్లు హైదరాబాద్‌ని నోయిడా అనుకునేది ఇక్కడే. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకొని, దీపం వెలుతురు పక్క నుంచి పడేలా నాణేన్ని వంచి చూస్తే కోణాలు తేలతాయి. 1985 రూపాయి మీద ఇంగ్లిష్ హెచ్ అక్షరం కనిపిస్తే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలలో తయారైనది. ఒకే విలువలో, ఒకే సంవత్సరంలో దొరికినన్ని టంకశాలల నాణేలు పోగేయడం మంచి మొదటి లక్ష్యం. ఏటా నాలుగు చోట్లా అన్ని విలువలూ ముద్రించరు కాబట్టి ఆల్బమ్‌లో కొన్ని గళ్లు ఖాళీగానే ఉంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు. 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయిన పావలా, అంతకన్నా చిన్న బిళ్లలు వ్యాపారుల దగ్గర చవగ్గా దొరుకుతాయి.

డబ్బు పెట్టి కొనే మొదటి పాత నాణెంగా మేము చెప్పేది బ్రిటిష్ రాజు ఐదో జార్జి కాలపు కుప్రో నికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) అణా. అంచు అలల్లా వంపులు తిరిగి ఉంటుంది. దాని మీద విలువను ఇంగ్లిష్, ఉర్దూ, బెంగాలీ, నాగరి లిపులతో పాటు తెలుగులోనూ ముద్రించారు. వందేళ్ల నాటి అణా మీద మన అక్షరాలు చదివిన పిల్లలకు మిగతాది ఎవరూ నేర్పనక్కర్లేదు. తెలంగాణ ఇళ్లలో ఇప్పటికీ దొరికే చార్మినార్ నాణేలు ఆ తర్వాతి మెట్టు. చార్మినార్ ద్వారం మధ్యలో ఉర్దూ అక్షరం మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాటిది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాటిది. వాటి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే మన సంవత్సరం ఇంచుమించుగా వస్తుంది. 1330 అని ఉంటే 1912 అన్నమాట.

వెండి రూపాయి దగ్గరకొచ్చేసరికి తొందరపాటు పనికిరాదు. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 1835 నుంచి 1939 దాకా కంపెనీ, బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి వెండి 50 శాతానికి తగ్గింది. 1947 రూపాయి పూర్తిగా నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. కాబట్టి కొనేముందు గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు చేతిలో ఉండాలి. బాగా అరిగిన రూపాయి కాస్త తగ్గి తూగడం సహజం, ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి.

బరువు సరిపోయినా లోహం తేలదు. దానికి నీళ్ల పరీక్ష ఉంది. గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. సన్నటి దారంతో రూపాయిని కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. త్రాసు 1.13 గ్రాముల దగ్గర చూపాలి, అది నాణెం పక్కకు తోసిన నీళ్ల బరువు. 11.66ను దానితో భాగిస్తే 10.3 వస్తుంది, అది ఈ వెండి సాంద్రత. అదే బరువున్న జర్మన్ సిల్వర్ (పేరులోనే తప్ప వెండి లేని మిశ్రలోహం) బిళ్ల అయితే 1.34 దాకా చూపుతుంది. గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి అసలు నాణెం కూడా నకిలీలా కనిపిస్తుంది, దారాన్ని మెల్లగా ఊపి వాటిని వదిలించాలి. 1939 రూపాయి లాంటి అరుదైన వాటికి ఇదీ చాలదు, నకిలీని వెండితోనే చేయవచ్చు కదా. పోత పోసిన నకిలీల్లో అక్షరాల అంచులు మొద్దుబారి, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ చోట సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ ఒక్కోసారి అతుకు గీత ఉంటుంది. అంచును తప్పకుండా చూడాలని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. హారాల్లో గుచ్చిన రూపాయిలకు కొక్కెం ఊడదీసి, ఆ చోట ఆకురాయితో అరగదీసి అమ్ముతుంటారు. నాణెం మీది తల బొమ్మకు పైభాగాన అంచు గాట్లు చెరిగి ఉంటే దాని విలువ చాలావరకు వెండి ధరే.

రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో ఉండి, వెనక “ఈస్టిండియా కంపెనీ 1818” అని ఉన్న బిళ్లలు సంతల్లో కుప్పలుగా దొరుకుతాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. పూజలో పెట్టుకోండి, సేకరణలో వద్దు.

ఇక అందరూ చేసే పని, చింతపండుతో తోమడం. నిమ్మకాయ, బూడిద, టూత్‌పేస్ట్ కూడా అంతే. నల్లబడిన పొర లోహాన్ని కాపాడే తొడుగు. అది పోతే కింద సన్నని గీతలతో కృత్రిమంగా మెరిసే ఉపరితలం మిగులుతుంది. తెలిసినవాడు చూడగానే ధర తగ్గించేస్తాడు. జిడ్డు, జిగురు పోవాలంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, తీసి, రుద్దకుండా ఆరబెట్టాలి. అది ఇట్టే అంటుకునే ద్రవం, పెద్దవాళ్లు పక్కనుండాలి, పొయ్యి ఉన్న గదిలో వద్దు.

దాచడంలో జరిగే నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. చవక పీవీసీ ఆల్బమ్‌లలో ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పదార్థం మన ఎండలకు కరిగి, రాగి, కుప్రో నికెల్ నాణేల మీద పచ్చటి జిగట పొరగా చేరుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పగాలి, తేమ తోడై చిలుము తొందరగా పడుతుంది. పాలీప్రొపిలీన్ లేదా మైలార్ కవర్లు అడిగి తీసుకోవాలి. నాణేన్ని మధ్యలో పెట్టి మూసే అట్ట హోల్డర్లకు పిన్ను కొట్టాక మొనల్ని కటింగ్ ప్లేయర్‌తో అదిమేయాలి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

పొలంలో లంకెబిందె దొరికితే ఇంట్లో దాచడానికి వీల్లేదు. పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని విదేశాలకు పంపకూడదు. అమెరికాలోని మనవడికి కానుకగా పట్టుకెళ్దామనుకునే తాతలు ఈ సంగతి గమనించాలి.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. పాత నాణెం గురించి వార్త వేసినప్పుడు బొమ్మ, బొరుసు రెండిటి ఫొటోలతో పాటు బరువు, లోహం, టంకశాల గుర్తు, ఎంత అరిగిందీ రాయండి. ధర రాస్తే, ఆ ధరకు ఎక్కడ, ఏ సంవత్సరంలో అమ్ముడుపోయిందో కూడా రాయండి. ఆ వివరాలు అందకపోతే ధర వేయకండి.

ఇట్లు,
కొందరు నాణేల సేకరణదారులు,
రాజమహేంద్రవరం