నీలం దారం అంచున్న పుస్తకాలు వెనక్కి పంపండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈస్టర్ తర్వాత నుంచి ఆగస్టు నెలాఖరు దాకా మా దగ్గర బైబిల్ కథల ఫెల్ట్ పుస్తకం కొన్నవాళ్లు ఒకసారి దాని అట్ట అంచు చూడండి. కాజా కుట్టు నీలం దారంతో ఉంటే, పుస్తకాన్ని ఇవాళే పిల్లల చేతిలోంచి తీసి బీరువా మీద పెట్టేయండి. దావీదు గొల్యాతుని కొట్టే పేజీలో రాళ్లుగా పెట్టిన ఐదు బొత్తాలు ఊడొస్తున్నాయి. ఎర్ర దారం అంచున్న పాత పుస్తకాలకు ఈ బాధ లేదు.

పోయిన నెల భీమవరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "అక్కా, కంగారు పడకండి, బాబు బానే ఉన్నాడు" అని మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టాక కంగారు పడకుండా ఎవరుంటారండి? బాబుకి పదహారు నెలలు. ఒక రాయి పీకి బుగ్గలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడట. ఆవిడ వేలు పెట్టి తీశారు. తర్వాత ఫోటో పంపారు. బూడిద రంగు ప్లాస్టిక్ బొత్తాం, దాని వెనకాల ఎండిపోయిన జిగురు బొట్టు. దారం పోగు ఒక్కటి కూడా లేదు.

ఉండదు, ఎందుకంటే నేను కుట్టలేదు. మొదటి పుస్తకాల్లో ప్రతి బొత్తాన్నీ డబల్ దారంతో ఆరుసార్లు తిప్పి కుట్టి, వెనకాల ముడి మీద ఇంకో గుడ్డ వేసేదాన్ని. ఈస్టర్ తర్వాత ఆర్డర్లు పెరిగాయి. ఒక్కో పుస్తకానికి పద్నాలుగు గంటలు పడుతోంది. వేడి జిగురు గన్‌తో బొత్తాలు, గొర్రెల కళ్లు అంటిస్తే రెండు గంటలు మిగులుతాయని లెక్క వేసుకున్నాను. నున్నటి ప్లాస్టిక్ మీద ఆ జిగురు పైపైన పట్టుకుంటుందే తప్ప లోపలికి దిగదు. వేడి తగిలితే మెత్తబడుతుంది కూడా. మన ఎండల్లో కారులో వదిలేసిన పుస్తకం సంగతి నేను ఆలోచించాల్సింది. సాయం చేసే అమ్మాయిది ఇందులో ఏ తప్పూ లేదు. అంటించమన్నది నేనే.

మా అమ్మమ్మ మాత్రం అప్పుడే చెప్పింది. ఆవిడ నరసాపురంలో యాభై ఏళ్లు ఏజెంట్లకి లేసు అల్లిన మనిషి. ఈ లేసు పని మా ఊళ్లకి మిషనరీలతో వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జిగురు గన్ చూసి, "అంటించేదాన్ని కుట్టుపని అంటారటే?" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆవిడ నవ్వట్లేదు, నన్ను చూసి తల తిప్పుకుంటోంది. అది ఇంకా ఘోరం.

అలా వెళ్లిన పుస్తకాలు ముప్పై ఎనిమిది. అన్నీ వెనక్కి తీసుకుని, విప్పి, మళ్లీ కుట్టి పంపుతాను. రానూపోనూ పోస్టు ఖర్చు నాదే. పుస్తకం వద్దు, డబ్బే కావాలంటే అలాగే ఇచ్చేస్తాను. మొహమాటపడకండి.

ఇప్పుడు రాళ్లు ఎలా చేస్తున్నానో చెబుతాను. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో గొంతుకి అడ్డం పడే ముక్కలు ఉన్నాయేమో చూడటానికి ఒక చిన్న గొట్టం వాడతారు. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. నొక్కకుండా అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు ఏదైనా సరే, ఆ వయసు పిల్లలకి ఇవ్వకూడదు. నా బొత్తాలు ఒకటి కాదు, నాలుగైదు పట్టేస్తాయి. అందుకే బొత్తాలు మొత్తం తీసేశాను. ఇప్పుడు ఒక్కో రాయి ఐదు సెంటీమీటర్ల వెడల్పున ఫెల్ట్‌తోనే కుట్టి, దిండ్లలో నింపే ఫైబర్ కూరుతున్నాను. ఏటి లోయలో ఏరుకున్న నున్నని రాళ్లలా లేవు, ఇడ్లీల్లా ఉన్నాయి. ఉండనీయండి. గొర్రెల కళ్లు ఇక పూసలు కావు, నల్ల దారంతో కుట్టినవే. ఏ తాడూ జానెడు మించి ఉండదు.

ఇంకో అలవాటు కూడా మొదలుపెట్టాను. చేపలు తూచే స్ప్రింగ్ కాటా ఒకటి కొన్నాను. దాని కొక్కేనికి ఒక క్లిప్పు కట్టి, పుస్తకంలో పైకి లేచి ఉన్న ప్రతి ముక్కనీ పట్టి లాగుతున్నాను. ముల్లు తొమ్మిది కిలోల దగ్గరికి వచ్చాక పది అంకెలు లెక్కపెడతాను. మొదటిరోజే రెండు రొట్టెలు, ఒక చేప ఊడొచ్చాయి. ఐదు రొట్టెలు, రెండు చేపల పేజీలో సగం పోయినట్టే. అవి ఇప్పుడు అంచు చుట్టూ రెండు వరసల కుట్టుతో ఉన్నాయి.

లాగుతూ ఉంటేనే ఇంకోటి బయటపడింది. పేజీ పైన కథ పేరు ఫెల్ట్ అక్షరాలు కత్తిరించి వేసేదాన్ని కదా. మన అక్షరాలు కొన్నిటిలో తలకట్టు విడి ముక్క. గోరంత ఉంటుంది, గిల్లితే వచ్చేస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి ఈ గొడవ లేదు. అయినా తెలుగు పేర్లు తీసే ఉద్దేశం నాకు లేదు. ఇకమీదట గొలుసు కుట్టుతో గుడ్డ మీదే రాస్తాను. 'జక్కయ్య'కి రెండు ఒత్తులు, గంట పని. పర్వాలేదు.

జక్కయ్య అంటే గుర్తొచ్చింది, యేసుని చూడటానికి చెట్టెక్కిన మనిషి. ఆ పేజీలో చెట్టు మీద ఆకులు లేపితే ఆయన కనిపిస్తాడు. ఒక అమలాపురం పాప ఆ చెట్టుని కొబ్బరిచెట్టు అంటోందని, మనిషి ఎక్కాడంటే కొబ్బరిచెట్టే అని వాదిస్తోందని వాళ్ల నానమ్మ చెప్పారు. తెలుగు బైబిల్లో ఉన్నది మేడిచెట్టు. మార్చమని అడిగారు కానీ మార్చనండి. కోనసీమలో పుట్టినవాళ్లు కొబ్బరిచెట్టు ఎలాగూ చూస్తారు. యోనా మూడు రోజులు చేప పొట్టలో ఉన్న పేజీలో తిమింగలం వేయమనేవాళ్లకీ ఇదే జవాబు. అక్కడ ఉన్నది 'గొప్ప మత్స్యము', నేను కుట్టేది పెద్ద చేపనే.

ఇక ధర. 1,450 ఉండేది, కొత్త పుస్తకం 1,700 అవుతుంది. జిగురుతో మిగిల్చిన ఆ రెండు గంటలు మళ్లీ దారంలోకి వెళ్తున్నాయి, అంతే. వెనక్కి వచ్చినవాటికి రూపాయి తీసుకోను. ముప్పై ఎనిమిదీ తిరిగి వెళ్లేదాకా కొత్త ఆర్డర్లు ఆపేశాను. ఈ క్రిస్మస్‌కి కావాలని అడిగిన సండేస్కూల్ టీచర్లకి ఫోన్ చేసి కుదరదని చెప్పేశాను. ఏడాదిలో నాకు నాలుగు డబ్బులు కనిపించేది ఆ నెలలోనే. టెన్షన్ లేదంటే అబద్ధం.

పంపేటప్పుడు పుస్తకం ఉతక్కండి, నేనే చూసుకుంటాను. ఊడిన రాళ్లు దొరికితే కవర్లో వేసి పెట్టండి, ఐదూ లెక్క తేలాలి. తేలకపోతే మంచం కింద, సోఫా సందుల్లో వెతకండి, పిల్లల చేతికి మళ్లీ దొరక్కూడదు.

ఇప్పటికి పదకొండు వచ్చాయి. నిన్న తాడేపల్లిగూడెం నుంచి వచ్చినదాంట్లో చేప పొట్ట జిప్పు తీస్తే యోనా పక్కన సగం కొరికిన బిస్కెట్ ఉంది. ఫోన్ చేస్తే వాళ్లమ్మ నవ్వి, "మూడు రోజులు లోపల ఏం తింటాడని పెట్టాడండి" అన్నారు. పుస్తకం సోమవారం పోస్టులో వేస్తాను. బిస్కెట్ మాత్రం చీమలు పట్టాయి.