రశీదు ఇచ్చారా పిన్నీ?

అశోక్‌నగర్, హైదరాబాద్
2024 ఆగస్టు 4, ఆదివారం

ఒరేయ్ రమేషూ,

సివిల్స్ ప్రిలిమ్స్ అయిందని తెలిసిన రోజు నుంచీ నీకు తీరిగ్గా రాయాలనుకుంటున్నా రా, ఇప్పటికి కుదిరింది. మెయిన్స్‌కి ఇంకా నెలన్నరే, ఉపాధి హామీ మీద నోట్స్ పంపమన్నావు కదా, నా దగ్గరున్న నోట్స్‌లో నీ దగ్గర లేనిది ఏమీ లేదు, అందుకే మే నెలలో ఊరెళ్ళినప్పుడు చూసింది రాస్తున్నా.

పల్లెల్లో ఇంటికి ఏడాదికి వంద రోజుల పని అన్న 2005 చట్టం, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ మొదలుపెట్టడం, ముందు 200 జిల్లాలు, 2008కి దేశమంతా, మొన్న జులై బడ్జెట్‌లో 86,000 కోట్లు, ఇవన్నీ నీకు నోటికొచ్చినవే. పేపర్ దిద్దేవాళ్ళకి ప్రతి కుర్రాడూ ఇవే రాస్తాడు. నేనూ మొన్నటిదాకా అలాగే రాశా.

మే నెలలో పిన్నితో కలిసి చెరువు పూడిక పనికి వెళ్ళా. మనూళ్ళో ఉపాధి హామీ అని ఎవరంటారు, కరువు పని అనే కదా. పొద్దున ఆరింటికే పార, తట్ట, సంగటి మూట పట్టుకుని బయల్దేరారు, సగానికి పైగా ఆడవాళ్ళే. ఏప్రిల్ నుంచి కూలి 272 నుంచి 300 అయింది అని నేను పెద్ద తెలిసినవాడిలా చెప్పా. పిన్ని, "కొలతకి రావాల కదప్పా" అంది. నిజమే, తవ్విన మట్టి కొలిచి కట్టిస్తారు, నేల గట్టిగా ఉంటే రోజంతా పొడిచినా కొలత రాదు, ఆ వారం పిన్నికి రోజుకి 240 పడింది. పైగా ఇప్పుడు హాజరు కోసం యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫోటో పడాలి, తమ వంతు తవ్వేసినవాళ్ళు కూడా రెండో ఫోటో కోసం ఆ ఎండలో కూర్చునే ఉన్నారు.

అసలు సంగతి వేరే ఉంది రా. మధ్యలో పని పది పదిహేను రోజులు ఆగిందంట ఎందుకు అనడిగితే "వాళ్ళు పెడితే పోతాం, లేకుంటే లేదు" అంది. చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తిరగేసి కదా, పని మనం అడగాలి, అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి, మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం. "అడిగినప్పుడు రశీదు ఇచ్చారా పిన్నీ?" అంటే ఏం రశీదు అన్నట్టు చూసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పనికి పోతున్న మనిషి రా, పని అడిగితే తారీఖు వేసిన రశీదు ఇవ్వాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ రశీదు లేకపోతే 15 రోజులు ఎప్పట్నుంచి లెక్కపెడతారు చెప్పు? కూలి డబ్బులు కేంద్రం ఇస్తుంది, భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి కట్టాలి. అంటే రశీదు ఇచ్చిన ప్రతిసారీ రాష్ట్రానికి ఒక బాకీ పుట్టే అవకాశం ఉంది, మరి ఎవరిస్తారు? వంద రోజుల హక్కు అని మనం రాసేదంతా ఆ చిన్న కాగితం ముక్క దగ్గరే ఆగిపోతోందని నాకు గట్టిగా అనిపించింది. నీ ఆన్సర్ అక్కడ మొదలుపెట్టు రా.

ఆధార్ పేమెంట్ సంగతి కూడా రాయి. ఈ జనవరి 1 నుంచి అది తప్పనిసరి చేశారు కదా, డబ్బు ఆధార్‌కి ఆఖరున లింకైన అకౌంట్‌లో పడుతుంది. పిన్నికి ఎప్పుడో ఎవరో తెరిపించిన ఇంకో అకౌంట్ ఉంది, కూలి అందులో పడుతుంటే ఆమె మూడు నెలలు పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగింది, పడలేదు పొమ్మన్నారు తప్ప ఎందుకు పడలేదో ఒక్కరూ చూడలేదు. నాకు చాలా బాధేసింది రా, మూడు నెలల కూలి! బెంగాల్ ఉదాహరణ ఒక్క లైన్ చాలు, 2022 మార్చి నుంచి సెక్షన్ 27 కింద, అంటే లెక్కలు సరిగ్గా లేవని నిధులు ఆపే సెక్షన్ కింద, కేంద్రం నిధులు ఆపేసింది, లెక్కల్లో తప్పు ఎవరు చేసినా నష్టపోయింది పని చేసినవాళ్ళే.

మంచి కూడా రాయి. సోషల్ ఆడిట్‌ని అందరికంటే ముందు ఒక వ్యవస్థగా నిలబెట్టింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, ఊరి జనం ముందు మస్టర్ (హాజరు పట్టీ) చదివి "నువ్వు ఈ పని చేశావా?" అని అడగడం చిన్న విషయం కాదు. 2020లో లాక్‌డౌన్‌లో ఊళ్ళకి తిరిగొచ్చినవాళ్ళని ఆదుకుంది ఈ పనే, ఆ ఏడాది 61,500 కోట్లు అనుకున్నది లక్షా పదకొండు వేల కోట్లు దాటింది. పథకం దండగ అనేవాళ్ళ మాట నేనైతే ఒప్పుకోను.

రాసిన ఆన్సర్ ఫోటో తీసి పంపు, దిద్ది పంపిస్తా. అన్నట్టు, కలుపు పనులు అయిపోయాయని పిన్ని ఫోన్ చేస్తే పని కావాలని తెల్లకాగితం మీద అర్జీ రాసి, కింద రశీదు కూడా నేనే రాసి, సంతకం పెడితే చాలన్నట్టు వాట్సాప్‌లో పంపా. తమ్ముడు ప్రింట్ తీయించి ఇచ్చాడు. నిన్న తీసుకెళ్ళింది, అర్జీ తీసుకున్నారంట, రశీదుకి సోమవారం రమ్మన్నారంట. రేపు మళ్ళీ పోతానంది.

నీ
వాసు